ప్రెస్టన్ 1888-89లో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదన్నది నిజమేనా? ఆ సీజన్ ఎలా సాగింది?

మీ ప్రశ్న సారాంశం ఇది. కాలేజీ క్విజ్‌లో "ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్‌ను ఓటమి లేకుండా గెలిచిన తొలి జట్టు ఏది?" అని అడిగారు. జవాబు ప్రెస్టన్ నార్త్ ఎండ్ అని ప్రకటించగానే ఒక విద్యార్థి లేచి, "అప్పుడు ఉన్నవి పన్నెండు జట్లు, ఆడినవి ఇరవై రెండు మ్యాచ్‌లు. అది లెక్కలోకి రాదు. 2003-04 నాటి ఆర్సెనలే అసలైన అజేయ జట్టు" అన్నాడు. ప్రెస్టన్ ఘనతను ఎంతవరకు నమ్మవచ్చు, ఆ సీజన్ అసలు ఎలా నడిచింది అని మీరు అడుగుతున్నారు.

మీ జవాబు సరైనదే, మార్చనక్కరలేదు. 1888-89లో ప్రెస్టన్ 22 లీగ్ మ్యాచ్‌లు ఆడి 18 గెలిచింది, 4 డ్రా చేసుకుంది, ఒక్కటీ ఓడలేదు. 74 గోల్స్ చేసి 15 మాత్రమే ఇచ్చింది. అదే ఏడాది ఎఫ్.ఏ. కప్పు, అంటే ఓడిన జట్టు ఇంటికి పోయే ఇంగ్లండ్ నాకౌట్ పోటీ, కూడా గెలిచింది. ఆ కప్పులో ఆడిన ఐదు మ్యాచ్‌లలో ప్రత్యర్థులకు ఒక్క గోల్ కూడా దక్కలేదు. రెండూ కలిపి 27 మ్యాచ్‌లు, ఓటమి లేదు. ఆ విద్యార్థి సందేహం పూర్తిగా కొట్టిపారేయదగ్గది కాదు గానీ, అతను మ్యాచ్‌ల సంఖ్య దగ్గర ఆగిపోయాడు. ఆటను ఉద్యోగంగా నడపడం మిగతా క్లబ్బులు అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాయి. ప్రెస్టన్ ఆ పనిలో అప్పటికే ఏళ్ల అనుభవం గడించింది. ఆ సీజన్‌ను అర్థం చేసుకోవాలంటే ముందుగా చూడవలసింది దీన్ని.

నేను చాలాకాలం పత్రికల క్రీడా విభాగంలో పనిచేశాను. పాత పత్రికల ప్రతులు చదువుతూ తొలినాటి లీగ్ మ్యాచ్‌ల స్కోర్లు, గోల్స్ చేసినవారి పేర్లు సరిచూడటం ఇప్పుడు నా ప్రధాన వ్యాపకం. ఈ విషయం మీద ఇష్టం ఎక్కువ కాబట్టి కొంచెం విపులంగానే రాస్తున్నాను.

లీగ్ ఎందుకు పుట్టిందో ముందు చెప్పాలి. 1885 జులై 20న ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం ఆటగాళ్లకు జీతం ఇవ్వడాన్ని అనుమతించింది. జీతం మొదలయ్యాక ప్రతి వారం రాబడి కావాలి. కానీ క్లబ్బుల ఆదాయమంతా కప్పు మ్యాచ్‌ల మీద, స్నేహపూర్వక మ్యాచ్‌ల మీద ఆధారపడేది. కప్పులో మొదటి రౌండ్‌లోనే ఓడితే ఆ దారి మూసుకుపోతుంది. స్నేహపూర్వక మ్యాచ్‌కు ఒప్పుకున్న ప్రత్యర్థి, ఆ రోజు వేరే చోట కప్పు మ్యాచ్ తగిలితే రావడం మానేస్తాడు. లేదా సగం మంది కొత్తవాళ్లతో వస్తాడు. టికెట్ కొనాలని గేటు దాకా వచ్చిన జనం వెనక్కి పోతారు.

దీనికి మందు కనిపెట్టినవాడు విలియం మెక్‌గ్రెగర్. స్కాట్లండ్ నుంచి బర్మింగ్‌హామ్ వచ్చి బట్టల దుకాణం పెట్టుకున్న వ్యాపారి, ఆస్టన్ విల్లా క్లబ్బు పెద్దల్లో ఒకడు. 1888 మార్చి 2న ఆయన కొన్ని క్లబ్బులకు ఉత్తరం రాశాడు. పది పన్నెండు ముఖ్యమైన క్లబ్బులు ఒక కూటమిగా ఏర్పడి, ప్రతి జట్టుతో సొంత మైదానంలో ఒకసారి, వారి మైదానంలో ఒకసారి ఆడేలా ముందే తేదీలు ఖాయం చేసుకుందామన్నది అందులోని ప్రతిపాదన. కౌంటీ క్రికెట్ ఆయన మనసులో ఉన్న నమూనా. మార్చి 23న లండన్ ఫ్లీట్ వీధిలోని ఆండర్టన్ హోటల్‌లో ఒక సమావేశం, ఏప్రిల్ 17న మాంచెస్టర్ రాయల్ హోటల్‌లో మరొకటి జరిగాయి. ఫుట్‌బాల్ లీగ్ పుట్టింది.

పన్నెండు జట్లే ఎందుకంటే, అందరికీ కుదిరే తేదీలు 22కు మించి దొరకలేదు. లాంకషైర్ నుంచి ప్రెస్టన్, బ్లాక్‌బర్న్ రోవర్స్, బోల్టన్ వాండరర్స్, బర్న్‌లీ, ఆక్రింగ్టన్, ఎవర్టన్ వచ్చాయి. మధ్య ఇంగ్లండ్ నుంచి ఆస్టన్ విల్లా, వుల్వర్‌హాంప్టన్ వాండరర్స్ (వుల్వ్స్), వెస్ట్ బ్రామిచ్ ఆల్బియన్, స్టోక్, డెర్బీ కౌంటీ, నాట్స్ కౌంటీ చేరాయి. లండన్ నుంచి ఒక్కటీ లేదు. మీ విద్యార్థి అభిమానించే ఆర్సెనల్ అప్పటికి రెండేళ్ల పసిక్లబ్బు. ఆయుధ కర్మాగారం కార్మికులు సరదాగా ఆడుకునే జట్టు.

మన దేశంలో డ్యూరాండ్ కప్పు మొదలైంది కూడా 1888లోనే, సిమ్లా కొండల మీద, బ్రిటిష్ సైనిక దళాల మధ్య. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు గెలిచిన కప్పు అదే. మీ క్విజ్‌లో ఈ రెండింటినీ కలిపి ఒక ప్రశ్న తయారు చేసుకోవచ్చు.

ఇక ప్రెస్టన్ ఊరు. రిబుల్ నది ఒడ్డున నూలు మిల్లుల పట్టణం. లాంకషైర్ మిల్లుల బట్ట మద్రాసు ప్రెసిడెన్సీలోని రేవుల్లో దిగి మన కోస్తా చేనేత గ్రామాలను ఎలా దెబ్బతీసిందో మన చరిత్ర పుస్తకాల్లో చదివాం. ఆ మగ్గాల దగ్గర వారమంతా నిలబడి పనిచేసిన కార్మికులే శనివారం మధ్యాహ్నం డీప్‌డేల్ మైదానానికి నడిచి వచ్చేవారు. 1874 చట్టం తర్వాత మిల్లుల్లో శనివారం పని మధ్యాహ్నానికే ముగిసేది. ఆ ఒక్క పూట సెలవు లేకపోతే లీగ్ ఫుట్‌బాల్ లేదు. రైళ్లు లేకపోయినా లేదు. ప్రత్యర్థి జట్టు ఉదయం బండెక్కి మధ్యాహ్నానికి దిగి, ఆడి, రాత్రికి తిరిగి వెళ్లగలగడం వల్లే ఈ ఏర్పాటు నిలబడింది.

క్లబ్బు మొదట క్రికెట్, రగ్బీ ఆడేది. పూర్తిగా ఫుట్‌బాల్‌కు మారిన కొత్తలో, 1881 మార్చిలో, బ్లాక్‌బర్న్ రోవర్స్ చేతిలో 16-0తో చిత్తుగా ఓడింది. అలాంటి జట్టు ఎనిమిదేళ్లు తిరగకముందే దేశంలో ఎదురులేనిదైంది. ఇది విలియం సడెల్ అనే ఒక్క మనిషి పట్టుదల. ఆయన నూలు మిల్లు మేనేజరు, క్లబ్బుకు సర్వాధికారి. స్కాట్లండ్ వాళ్లు బంతిని ఒకరికొకరు అందించుకుంటూ ఆడతారని, ఇంగ్లండ్ వాళ్లు బంతిని తామే తీసుకుని దూసుకుపోతారని ఆయన గమనించాడు. స్కాట్లండ్ నుంచి ఆటగాళ్లను రప్పించి, మిల్లుల్లోనూ ఇతర చోట్లా ఉద్యోగాలు చూపించి, చాటుగా డబ్బు కూడా ఇచ్చాడు. అప్పటికి అది ఫుట్‌బాల్ సంఘం నిబంధనలకు విరుద్ధం.

1884 జనవరిలో లండన్‌కు చెందిన అప్టన్ పార్క్ జట్టుతో కప్పు మ్యాచ్ 1-1తో డ్రా అయ్యాక, "వీళ్లు డబ్బు తీసుకుని ఆడుతున్నారు" అని ఆ జట్టు ఫిర్యాదు చేసింది. అందరూ అలాంటి చోట అబద్ధమాడేవారు. సడెల్ ఆడలేదు. ఔను, ఇస్తున్నాం, అందరూ ఇస్తున్నారు అన్నాడు. ప్రెస్టన్‌ను పోటీ నుంచి తొలగించారు. ఆ ఏడాది చివరికి ఉత్తరాది క్లబ్బులు ఏకమై, వేరే సంఘం పెట్టుకుంటామని హెచ్చరించే దాకా వెళ్లాయి. మరుసటి జులైలో జీతాల నిషేధం తొలగిపోయింది. నా దృష్టిలో ప్రెస్టన్ చరిత్రలో అతి ముఖ్యమైన రోజు కప్పు గెలిచిన రోజు కాదు, సడెల్ ఆ నిజం ఒప్పుకున్న రోజు. లీగ్ దానికి కొనసాగింపు మాత్రమే.

లీగ్ మొదలయ్యే నాటికే ఈ జట్టు అంటే అందరికీ భయం. 1887 అక్టోబరు 15న కప్పు మ్యాచ్‌లో హైడ్ జట్టును 26-0తో ఓడించింది. ఇంగ్లండ్ ప్రధాన పోటీల్లో ఇంత పెద్ద విజయం ఇప్పటికీ మరొకటి లేదు. కానీ ఆ సీజన్ ఫైనల్‌లో, 1888 మార్చిలో, వెస్ట్ బ్రామిచ్ చేతిలో 2-1తో ఓడింది. బట్టలు మాసిపోకముందే కప్పుతో ఫొటో దిగుతామని ప్రెస్టన్ వాళ్లు మ్యాచ్‌కు ముందే అడిగారని, "ముందు గెలవండి" అని ఆ మ్యాచ్ రిఫరీ మేజర్ మారిండిన్ బదులిచ్చాడని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ ఎంత నిజమైనా, ఓటమి మాత్రం వాళ్లకు బాగా గుచ్చుకుంది.

సీజన్ నడిచిన తీరు. 1888 సెప్టెంబరు 8, శనివారం, లీగ్ తొలిరోజు. డీప్‌డేల్‌లో బర్న్‌లీతో మ్యాచ్. ఆట అనుకున్న సమయానికి మొదలు కాలేదు, దాదాపు 3:50 అయింది. ప్రెస్టన్ 5-2తో గెలిచింది, క్లబ్బు తొలి లీగ్ గోల్ ఫ్రెడ్ డ్యూహర్స్ట్ చేశాడు. అక్కడి నుంచి వరుసగా వుల్వ్స్ మీద 4-0, బోల్టన్ మీద 3-1, డెర్బీ మీద 3-2. అక్టోబరు 6న స్టోక్ జట్టు తొమ్మిది మందితోనే దిగింది. ప్రెస్టనే తన రిజర్వు ఆటగాళ్లను ఇద్దరిని అరువిచ్చి, ఆ జట్టును 7-0తో ఓడించింది. తానే ఇద్దరు ఆటగాళ్లను అరువిచ్చిన జట్టు మీద గెలుపు లీగ్ రికార్డులో లెక్కకు రావడం ఈనాడు ఊహించలేం. వెస్ట్ బ్రామిచ్ మీద 3-0తో వరుస విజయాలు ఆరుకు చేరాయి.

మొదటి పాయింటు జారిపోయింది అక్టోబరు 20న, ఆక్రింగ్టన్‌లో, 0-0తో. నవంబరు 3న నాట్స్ కౌంటీని వాళ్ల ఊరిలోనే 7-0తో కొట్టారు. వారం తర్వాత విల్లా డీప్‌డేల్‌కు వచ్చి 1-1తో నిలువరించింది. సొంత మైదానంలో ప్రెస్టన్ గెలవలేకపోయిన లీగ్ మ్యాచ్ ఆ ఒక్కటే. డిసెంబరులో బర్న్‌లీలో 2-2, బ్లాక్‌బర్న్‌లో 2-2. ఆ మధ్య క్రిస్మస్ మరునాడు వెస్ట్ బ్రామిచ్‌ను వాళ్ల మైదానంలో 5-0తో ఓడించారు. మార్చి ఫైనల్‌లో తమను ఓడించిన జట్టు మీద అది. పట్టికలో నాకు బాగా నచ్చే స్కోరు ఇదే.

1889 జనవరి 5న నాట్స్ కౌంటీ మీద 4-1తో గెలిచేసరికి మూడు మ్యాచ్‌లు మిగిలి ఉండగానే లీగ్ ఖాయమైంది. ఆ మూడూ కూడా గెలిచారు, ఒక్క గోల్ ఇవ్వకుండా. బ్లాక్‌బర్న్ మీద 1-0, ఎవర్టన్ మీద 2-0, చివరిగా ఫిబ్రవరి 9న విల్లా మైదానంలో 2-0. ఎవర్టన్ మ్యాచ్ జరిగింది ఆన్‌ఫీల్డ్‌లో. అప్పటికి లివర్‌పూల్ క్లబ్బు పుట్టలేదు, ఆ మైదానం ఎవర్టన్‌దే.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. ప్రెస్టన్ ఫిబ్రవరి మొదట్లోనే అన్ని మ్యాచ్‌లూ ముగించింది, కొన్ని జట్లు ఏప్రిల్ దాకా ఆడుతూనే ఉన్నాయి. కార్యదర్శులు కూర్చుని పరస్పరం తేదీలు కుదుర్చుకున్న రోజులవి. ఇంకా విచిత్రం, సీజన్ మొదలైనప్పుడు పాయింట్లు ఎలా లెక్కించాలో నిర్ణయమే కాలేదు. గెలుపుకు రెండు, డ్రాకు ఒకటి అని తేల్చింది నవంబరులో. అంతవరకు గెలుపులు మాత్రమే లెక్కించాలన్న వాదన కూడా ఉంది. అందుకే ఆ అక్టోబరు నాటి పత్రికల్లోని పట్టికలు చదివేటప్పుడు నేను పాయింట్ల జోలికి పోను. గెలుపు, ఓటమి, డ్రా మాత్రమే రాసుకుని నేనే లెక్క కడతాను. ఏ పద్ధతిలో చూసినా ప్రెస్టనే మొదటిది. చివరి పట్టికలో వాళ్లకు 40 పాయింట్లు, రెండో స్థానంలోని విల్లాకు 29. అడుగున ఉన్న స్టోక్‌కు 12.

కొట్టిన 74 గోల్స్ గురించే అందరూ మాట్లాడతారు. నన్ను ఆశ్చర్యపరిచేది ఇచ్చిన 15. కారణం చెబుతాను. అప్పటికి పెనాల్టీ కిక్ లేదు, అది 1891లో వచ్చింది. గోల్ ముంగిట ఎంత ఘోరంగా అడ్డుకున్నా దక్కేది మామూలు ఫ్రీ కిక్కే. గోల్‌కు వల లేదు, అదీ 1891లోనే వచ్చింది. బంతి స్తంభాల మధ్య నుంచి వెళ్లిందా పక్క నుంచి వెళ్లిందా అన్న వాదన ఎప్పుడూ ఉండేది. రిఫరీ మైదానం బయట నిలబడేవాడు. లోపల ఇద్దరు అంపైర్లు ఉండేవారు, వాళ్లు ఏకీభవించకపోతేనే రిఫరీ తీర్పు. గోల్‌కీపర్‌ను భుజంతో ఢీకొట్టి పడేయడం ఆటలో భాగం. ఆటగాడికి కాలు విరిగినా బదులు ఆటగాడు రాడు. ఇన్ని ప్రతికూలతల మధ్య మిగతా పదకొండు జట్లలో ప్రతి ఒక్కటీ 35కి పైగా గోల్స్ ఇచ్చింది. వెనక ఇద్దరు, మధ్యలో ముగ్గురు, ముందు ఐదుగురు నిలబడే ఆ అమరికలో, వెనక ఇద్దరినే పెట్టుకుని 22 మ్యాచ్‌లలో 15 గోల్స్ ఇవ్వడమంటే, బంతి ఎక్కువ సేపు వాళ్ల దగ్గరే ఉందన్నమాట. ముందున్న ఐదుగురు బంతిని పోగొట్టుకోకపోవడమే అసలైన రక్షణ. మధ్యలో డేవిడ్ రసెల్ ఇరుసులా నిలబడి, ఒక పక్క జార్జ్ డ్రమండ్‌ను, మరో పక్క జానీ గ్రాహంను కలుపుకుని బంతిని ముందుకు పంపేవాడు.

మనుషుల గురించి రెండు ముక్కలు. జాన్ గుడాల్ ఈ జట్టుకు ప్రాణం. తల్లిదండ్రులు స్కాట్లండ్ వాళ్లు, తండ్రి సైన్యంలో ఉండటం వల్ల లండన్‌లో పుట్టాడు, కిల్మార్నాక్‌లో పెరిగాడు. పుట్టిన చోటు లెక్కన ఇంగ్లండ్ తరఫున ఆడాడు. తమ్ముడు ఆర్చీ బెల్‌ఫాస్ట్‌లో పుట్టడం వల్ల ఐర్లండ్ తరఫున ఆడాడు. గుడాల్ గోల్స్ ఎన్ని చేసినా, అప్పటివాళ్లు మెచ్చుకున్నది అతను పక్కవాడికి బంతి అందించే తీరును. జిమ్మీ రాస్ చిన్నవాడు, వేగం ఎక్కువ, గోల్ ముందు జంకు లేదు. అతని అన్న నిక్ అంతకుముందు ప్రెస్టన్‌కు మూలస్తంభం, సరిగ్గా ఈ సీజన్‌లోనే ఎవర్టన్‌కు వెళ్లిపోయాడు, తర్వాత తిరిగి వచ్చాడు. అంతటి ఆటగాడు లేకుండానే ఈ రికార్డు నెలకొల్పారు. ఫ్రెడ్ డ్యూహర్స్ట్ బడిపంతులు, జీతం తీసుకోని ఆటగాడు. లీగ్ మ్యాచ్‌లలో గోల్ కాచింది ఎక్కువగా వేల్స్‌కు చెందిన జేమ్స్ ట్రైనర్. కప్పు ఫైనల్‌లో ఆ స్థానంలో నిలబడింది వైద్యుడైన రాబర్ట్ మిల్స్-రాబర్ట్స్. జీతాల కోసం పోరాడిన క్లబ్బులో జీతం తీసుకోనివాళ్లు కూడా ఉన్నారంటే చాలామంది నమ్మరు. మిల్లు కార్మికులు, పంతులు, డాక్టరు, స్కాట్లండ్ వలసవాళ్లు ఒకే చొక్కా వేసుకుని ఆడారు. ఈ జట్టు మీద నాకు ఇష్టం పెరగడానికి అదొక కారణం.

కప్పు కథ త్వరగా చెప్పేస్తాను. బూటిల్ మీద 3-0, గ్రిమ్స్‌బీ మీద 2-0, బర్మింగ్‌హామ్ సెయింట్ జార్జ్స్ మీద 2-0. సెమీఫైనల్‌లో మళ్లీ వెస్ట్ బ్రామిచ్, షెఫీల్డ్‌లోని బ్రామల్ లేన్‌లో, 1-0. ఐదింటిలో నిజమైన పరీక్ష అదే. 1889 మార్చి 30న లండన్ ఓవల్ మైదానంలో ఫైనల్. క్రికెట్ అభిమానులకు బాగా తెలిసిన ఓవల్ అదే. దాదాపు 22,000 మంది ముందు వుల్వ్స్‌ను 3-0తో ఓడించారు. డ్యూహర్స్ట్, రాస్, శామ్ థాంసన్ తలా ఒక గోల్ చేశారు. లీగ్, కప్పు ఒకే ఏడాది గెలిచిన తొలి జట్టు ప్రెస్టన్. ఆ తర్వాత 1897లో విల్లా ఆ పని చేసింది. మళ్లీ 1961 దాకా ఎవరివల్లా కాలేదు.

ఇప్పుడు ఆర్సెనల్‌తో పోలిక. ఆర్సెనల్ 38 మ్యాచ్‌లలో 26 గెలిచి 12 డ్రా చేసుకుంది. శాతంలో చెప్పాలంటే ప్రెస్టన్ 82 శాతం మ్యాచ్‌లు గెలిచింది, ఆర్సెనల్ 68 శాతం. నేటి పద్ధతిలో గెలుపుకు మూడు పాయింట్లు వేస్తే ప్రెస్టన్‌కు 66లో 58 వస్తాయి, ఆర్సెనల్‌కు 114లో 90. లెక్కలో ప్రెస్టనే పైన. కానీ నేను ఈ లెక్కతో వాదన గెలవాలనుకోను. 38 వారాలు గాయాలను తట్టుకోవడం, మధ్యలో యూరప్ పోటీలకు ప్రయాణాలు చేయడం, ప్రతి ప్రత్యర్థీ పూర్తికాల ఆటగాళ్లతో రావడం వేరే రకం కష్టం. ప్రెస్టన్‌కు ఎదురైన జట్లలో కొన్నింటికి శిక్షణ కూడా సరిగా లేదు. ఇంగ్లండ్‌లోని మంచి జట్లన్నీ లీగ్‌లో లేవు, సండర్‌లాండ్ చేరింది 1890లో. స్కాట్లండ్‌లో రెంటన్ అనే గ్రామం జట్టు 1888లోనే వెస్ట్ బ్రామిచ్‌ను ఓడించి తనను తాను ప్రపంచ విజేతగా చెప్పుకుంది. ఈ పరిమితులన్నీ ఒప్పుకుంటాను.

అయితే "అందరూ బలహీనులు కాబట్టి గెలిచారు" అనడం మాత్రం అన్యాయం. అదే బలహీన ప్రత్యర్థులు విల్లాకూ ఎదురయ్యారు, వుల్వ్స్‌కూ ఎదురయ్యారు. విల్లా ఐదు మ్యాచ్‌లు ఓడింది. ఒక రిఫరీ పొరపాటు, ఒక బురద మైదానం, ఆలస్యమైన ఒక రైలు చాలు, ఓటముల లెక్క సున్నా నుంచి ఒకటి కావడానికి. అలాంటి ప్రమాదాలు ఈనాటి కంటే అప్పుడే ఎక్కువ. ఇంకో సంగతి. అజేయ పరంపర సీజన్‌తో వెంటనే ఆగలేదు. తర్వాతి సీజన్ మొదటి మ్యాచ్‌లో స్టోక్‌ను 10-0తో ఓడించారు. లీగ్‌లో తొలి ఓటమి 1889 సెప్టెంబరు 21న, విల్లా చేతిలో, 5-3. అంటే వరుసగా 23 లీగ్ మ్యాచ్‌లు. ఆర్సెనల్ వరుస 49. వరుస మ్యాచ్‌ల లెక్కలో మీ విద్యార్థి మాట నెగ్గుతుంది, నిస్సందేహంగా.

ఆ జట్టు తర్వాత ఏమైందో కూడా చెప్పకపోతే కథ సగమే. గుడాల్ 1889లోనే డెర్బీకి వెళ్లిపోయాడు. 1889-90లో ప్రెస్టన్ మళ్లీ లీగ్ గెలిచింది, ఈసారి ఎవర్టన్ కంటే రెండు పాయింట్లే ఎక్కువ. ఆ తర్వాత వరుసగా మూడేళ్లు రెండో స్థానం. మిగతా క్లబ్బులూ జీతాలిచ్చి స్కాట్లండ్ ఆటగాళ్లను తెచ్చుకోవడం నేర్చుకున్నాయి. వాటిలో చాలా ఊళ్లు ప్రెస్టన్ కంటే పెద్దవి, గేటు రాబడి ఎక్కువ. నాటి నుంచి నేటి దాకా ప్రెస్టన్ అగ్రశ్రేణి లీగ్‌ను మళ్లీ గెలవలేదు.

సడెల్ గతి ఇంకా విషాదం. 1893లో క్లబ్బు కంపెనీగా మారింది, ఆయన పట్టు పోయింది. 1895లో తాను పనిచేసే మిల్లు డబ్బు 5,000 పౌండ్లకు పైగా దారి మళ్లించాడని తేలి, మూడేళ్ల జైలు శిక్ష పడింది. అందులో చాలా భాగం ఫుట్‌బాల్‌కే ఖర్చయిందని అప్పటి నుంచీ చెప్పుకుంటున్నారు. విడుదలయ్యాక దక్షిణాఫ్రికా వెళ్లి పత్రికల్లో పనిచేస్తూ 1911లో కేప్‌టౌన్‌లో చనిపోయాడు. ప్రెస్టన్ గెలిచిన ఆ కప్పు కూడా 1895లోనే, విల్లా దగ్గర ఉండగా, బర్మింగ్‌హామ్‌లో ఒక దుకాణం నుంచి దొంగల పాలైంది, మళ్లీ దొరకలేదు. ఆయన చేసింది తప్పే, సందేహం లేదు. కానీ ఆటగాడి శ్రమకు కూలి ఉండాలని అందరికంటే ముందు బహిరంగంగా చెప్పినవాడిని ఆ ఒక్క తీర్పుతో కొలిచి పక్కన పెట్టడం నాకు ఇష్టం ఉండదు.

క్విజ్‌కు పనికొచ్చే కొన్ని జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను. "లీగ్‌లోనూ కప్పులోనూ" అన్న మాట ప్రశ్నలో తప్పకుండా ఉంచండి. ఆ రోజుల్లో క్లబ్బులు వీటికి తోడు స్నేహపూర్వక మ్యాచ్‌లు, స్థానిక పోటీలు ఎన్నో ఆడేవి. అజేయ రికార్డు వాటికి వర్తించదు. "ఏడాది పొడవునా ఓడలేదు" అని రాస్తే తెలిసినవాళ్లు పట్టుకుంటారు.

గుడాల్ ఎన్ని గోల్స్ చేశాడన్నది ప్రశ్నగా వేయకండి. కొన్ని జాబితాల్లో 20 ఉంటుంది, కొన్నింట్లో 21. రాస్ విషయంలోనూ అలాంటి తేడాయే ఉంది. కారణం ఆ రోజుల విలేఖరుల రాత పద్ధతి. గోల్ ముందు గుంపుగా తోసుకుంటూ బంతి లోపలికి పోతే, "తోపులాటలో గోల్ అయింది" అని రాసి వదిలేసేవారు. చొక్కాల మీద నంబర్లు లేవు కాబట్టి రెండు పత్రికలు ఒకే గోల్‌ను ఇద్దరికి కట్టబెట్టడం నాకు తరచూ ఎదురవుతుంది. అలాంటి చోట నేను రెండు ఊళ్ల పత్రికలూ చూస్తాను. ఓడిన జట్టు ఊరి పత్రిక చెప్పిన పేరుకు కొంచెం ఎక్కువ విలువ ఇస్తాను. తమ మీద గోల్ చేసినవాడిని అక్కడివాళ్లు మరచిపోరు.

"లీగ్ చరిత్రలో తొలి గోల్ ఎవరిది?" అన్న ప్రశ్న వేయాలనుకుంటే పాత పుస్తకాల మీద ఆధారపడకండి. విల్లా ఆటగాడు గెర్షమ్ కాక్స్ పొరపాటున తన గోల్‌లోకే కొట్టుకున్నదే మొదటిదని చాలాకాలం నమ్మారు. ఆట మొదలైన సమయాలను మళ్లీ పరిశీలించాక, బోల్టన్ ఆటగాడు కెన్నీ డావెన్‌పోర్ట్ 3:47కు చేసిన గోల్ ముందుదని 2013లో తేలింది. ప్రకటనల్లో వేసిన సమయానికీ, మ్యాచ్ నిజంగా మొదలైన సమయానికీ అప్పట్లో అరగంటకు పైగా తేడా ఉండటం మామూలే. మీ దగ్గరున్న పుస్తకం అంతకుముందు అచ్చయినదైతే అందులో కాక్స్ పేరే కనబడుతుంది, దాన్ని జవాబుగా తీసుకోవద్దు.